ఇన్‌స్టాల్ కాని సాఫ్ట్‌వేర్‌ను లెక్కపెట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు ఒకసారి చెప్పి చూస్తాను. మీ కంపెనీలో దాదాపు 3,000 కంప్యూటర్లు ఉన్నాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లు, మిగతావి థిన్ క్లయింట్లు (సర్వర్ మీద నడిచేదాన్ని చూపించే చిన్న కంప్యూటర్లు). మైక్రోసాఫ్ట్ వాళ్ల విజియో, ప్రాజెక్ట్, ఇంకా కొన్ని పాత జావా అప్లికేషన్లు నేరుగా ఇన్‌స్టాల్ చేయకుండా కొన్నేళ్లుగా యాప్-వీ ద్వారా (అప్లికేషన్‌ను ఒక ప్యాకేజీగా కట్టి మెషీన్‌లో నడిపే పద్ధతి), సిట్రిక్స్ ద్వారా (సర్వర్ మీద నడిచే అప్లికేషన్‌ను దూరం నుంచి తెరిచే పద్ధతి) ఇస్తున్నారు. ఏ మెషీన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో లెక్కపెట్టే ఇన్వెంటరీ టూల్ విజియో 64 మెషీన్లలో ఉందంటోంది. సర్వీస్ డెస్క్‌లో విజియో కోసం వచ్చి అప్రూవ్ అయిన రిక్వెస్టులు 400 దాటాయి. రెండు నెలల్లో లైసెన్స్ ఆడిట్ ఉంది. టూల్ తప్పా, టికెట్లు తప్పా అని అడిగారు.

రెండూ తప్పు కాదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీకు కావాల్సిన జవాబు బహుశా ఆ రెంటిలోనూ లేదు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల లెక్కలు చూస్తున్నాను. అంతకు ముందు ప్యాకేజింగ్ టీంలో పనిచేశాను. అంటే ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఇలాంటి ప్యాకేజీలను తయారుచేసే పనే నాది. అందుకే రెండు వైపులా ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తాను. టెన్షన్ పడకండి, రెండు నెలలు సరిపోయే సమయమే. కాకపోతే పనిని సరైన చివర నుంచి మొదలుపెట్టాలి.

పెళ్లి భోజనాల లెక్క తీసుకోండి. పొయ్యిలు ఎన్ని అని లెక్కపెడితే రెండో మూడో వస్తాయి. ఎంతమందిని పిలిచారు అంటే 600. ఎన్ని విస్తళ్లు లేచాయి అంటే 450. ఇప్పుడు కేటరింగ్ ఆయనకు దేని మీద డబ్బు ఇవ్వాలి? అది ముందు ఆయనతో ఏం మాట్లాడుకున్నామో దాని మీద ఆధారపడుతుంది. విస్తరికి ఇంత అని మాట్లాడుకుంటే 450కి ఇస్తారు. 600 మందికి అని ఒప్పుకుంటే తిన్నా తినకపోయినా 600కి ఇవ్వాల్సిందే. పొయ్యిల లెక్క మీద డబ్బు ఎవరూ తీసుకోరు.

మీ ఇన్వెంటరీ టూల్ లెక్కపెట్టింది పొయ్యిలను. వర్చువలైజ్ చేసిన (ఇలా మామూలుగా ఇన్‌స్టాల్ చేయకుండా ఇచ్చే) అప్లికేషన్ల విషయంలో ప్రతిసారీ జరిగే పొరపాటు ఇదే. అప్లికేషన్ ఎక్కడ ఉంది, ఎవరికి అందుబాటులో ఉంది, ఎవరు ఏ పరికరం నుంచి నిజంగా వాడారు అనే మూడు లెక్కలు విడివిడిగా తీయాలి. ఆ తర్వాత ఒప్పందం తెరిచి, ఇందులో ఏ లెక్కకు డబ్బు కట్టాలని ఉందో చూడాలి.

ముందు టూల్ ఎందుకు చూడలేకపోతోందో చెబుతాను. టూల్ తరఫున ప్రతి మెషీన్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములు, అంటే ఏజెంట్లు, చాలావరకు విండోస్ రిజిస్ట్రీలోని (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) అన్‌ఇన్‌స్టాల్ కీ చదువుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితాగా మనకు కనిపించేది అదే. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇన్‌స్టాల్ అయితే అక్కడ తన పేరు రాసుకుంటుంది. యాప్-వీ ప్యాకేజీ అలా రాయదు. దాని ఫైళ్లు, దాని రిజిస్ట్రీ అన్నీ ప్యాకేజీ లోపలే ఉంటాయి. ఆ అన్‌ఇన్‌స్టాల్ ఎంట్రీ కూడా లోపలి రిజిస్ట్రీలోనే ఉండిపోతుంది కాబట్టి బయటి నుంచి చూసే ఏజెంట్‌కు కనపడదు. మీ దగ్గర ఎస్‌డబ్ల్యూఐడీ ట్యాగులు (సాఫ్ట్‌వేర్ గుర్తింపు ట్యాగులు) చదివే టూల్ ఉన్నా ఇదే ఇబ్బంది. 2009లో ఐఎస్‌ఓ 19770-2 ప్రమాణంగా వచ్చి, 2015లో సవరించిన ఆ ట్యాగ్ ఒక చిన్న ఫైల్. సీక్వెన్సింగ్ (అప్లికేషన్‌ను యాప్-వీ ప్యాకేజీగా మార్చే పని) చేసేటప్పుడు అది కూడా ప్యాకేజీ లోపలికి వెళ్లిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. జాబితా సరిగా రావడం లేదని కొందరు సొంతంగా స్క్రిప్ట్ రాసి విన్32 ప్రొడక్ట్ అనే డబ్ల్యూఎంఐ (మెషీన్ వివరాలు అడిగి తెలుసుకునే విండోస్ ఏర్పాటు) క్లాస్‌ను అడుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ క్లాస్‌ను అడిగితే విండోస్ ఇన్‌స్టాలర్, ఎంఎస్‌ఐ ఫైల్‌తో ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్రోగ్రామ్‌నూ సరిచూసుకోవడం మొదలుపెడుతుంది, అవసరమనిపిస్తే రిపేర్ కూడా చేస్తుంది. ఆ స్క్రిప్ట్ 3,000 మెషీన్ల మీద ఒకేసారి నడిస్తే సర్వీస్ డెస్క్ ఫోన్లు ఆగవు. పైగా యాప్-వీ ప్యాకేజీలు దానికీ కనపడవు.

ఇప్పుడు యాప్-వీ. సాఫ్ట్‌రిసిటీ అనే సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌గ్రిడ్‌ను 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుని దీనికి ఆ పేరు పెట్టింది. విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి క్లయింట్ భాగం ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే వస్తోంది, ఆన్ చేసుకుంటే చాలు. అంటే క్లయింట్ ఉందా లేదా అని వెతికి లాభం లేదు. ప్యాకేజీలు ఉన్నాయా అని చూడాలి.

చూడటానికి మూడు చోట్లున్నాయి. డిస్క్ మీద, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ లోపల యాప్-వీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ప్రతి ప్యాకేజీకి ఒక పొడవాటి ఐడీ పేరుతో ఫోల్డర్, దాని లోపల వెర్షన్ ఐడీతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. పవర్‌షెల్‌లో గెట్-యాప్‌వీక్లయింట్‌ప్యాకేజ్ కమాండ్‌కు ఆల్ అనే స్విచ్ కలిపి అడ్మిన్ హక్కులతో నడిపితే మెషీన్‌లోని ప్యాకేజీలన్నీ వస్తాయి. మూడోది డబ్ల్యూఎంఐ. రూట్ కింద యాప్‌వీ అనే నేమ్‌స్పేస్‌లో ప్యాకేజీలకు ఒక క్లాస్, అప్లికేషన్లకు ఒక క్లాస్, ఇంకా మన పనికి అన్నిటికంటే ముఖ్యమైన యాప్‌వీక్లయింట్‌అసెట్ అనే క్లాస్ ఉన్నాయి.

ఈ అసెట్ క్లాస్ సంగతి చాలామందికి తెలియదు. ప్యాకేజీ తయారుచేసేటప్పుడు లోపల ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు, ప్రొడక్ట్ పేరు, వెర్షన్ వంటి వివరాలను సీక్వెన్సర్ ప్యాకేజీ మానిఫెస్ట్‌లో (ప్యాకేజీ వివరాలుండే ఫైల్) రాసి పెడుతుంది. మీ ప్యాకేజింగ్ టీం ప్యాకేజీకి ఏ వంకర పేరు పెట్టినా, లోపల ఉన్నది ఎవరి ప్రొడక్టో ఇక్కడ తెలుస్తుంది. ఇన్వెంటరీకి మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ వాడుతుంటే హార్డ్‌వేర్ ఇన్వెంటరీ సెట్టింగుల్లో యాప్-వీ క్లాసులు ఎంపికై ఉన్నాయో లేదో చూడండి. వేరే టూల్ అయితే కస్టమ్ డబ్ల్యూఎంఐ క్వెరీ పెట్టుకునే వీలు ఉందేమో ఆ టూల్ వాళ్లను అడగండి.

అయితే దీన్ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. ఇన్‌స్టాలర్ లేకుండా ఫైళ్లు కాపీ చేసి సీక్వెన్స్ చేస్తే ఈ భాగం ఖాళీగా ఉంటుంది. ప్యాకేజీ వివరాల్లో హ్యాజ్‌అసెట్‌ఇంటెలిజెన్స్ అనే గడి ఉంటుంది. అది ఫాల్స్ అని ఉన్న ప్యాకేజీల జాబితా వేరుగా తీసుకుని ఒక్కొక్కటీ మనిషే చూడాలి. చూడటం కష్టమేమీ కాదు. డాట్ యాప్‌వీ ఫైల్ నిజానికి ఒక జిప్ ఫైలే. దాన్ని విప్పితే మానిఫెస్ట్, లోపలి ఫైళ్లు అన్నీ కనపడతాయి.

ఇంకో తికమక కూడా ఉంది. స్కానర్ సిస్టం అకౌంట్‌తో నడుస్తుంది కదా. ప్యాకేజీ యూజర్‌కు పబ్లిష్ అయిందా (వాడుకోవడానికి ఇచ్చారా) అని కమాండ్ చెప్పే జవాబు, ఆ కమాండ్ నడిపిన యూజర్ గురించే. సిస్టం అకౌంట్ అడిగితే యూజర్లకు పబ్లిష్ అయిన ప్యాకేజీకి కూడా కాదనే వస్తుంది. ఆ జవాబు చూసి వాడకంలో లేదు అని రిపోర్టులో రాసిన వాళ్లను నేను చూశాను. అలాగే ప్యాకేజీ ఎంత శాతం మెషీన్‌లోకి దిగిందో చెప్పే పర్సెంట్‌లోడెడ్ సున్నా ఉంటే యూజర్ దగ్గర అప్లికేషన్ లేదని అనుకోవద్దు. యాప్-వీ మొత్తం ప్యాకేజీని ముందే దింపదు, కావాల్సినంత స్ట్రీమ్ చేస్తుంది. షేర్డ్ కంటెంట్ స్టోర్ మోడ్ పెట్టిన సర్వర్లలో అయితే లోకల్ డిస్క్ మీద దాదాపు ఏమీ నిలవదు. ఫైల్ సైజు చూసి గుర్తుపట్టే స్కానర్లు అక్కడ పూర్తిగా మోసపోతాయి.

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఒకటుంది. కొందరు వీఎఫ్ఎస్ అనే ఫోల్డర్ కనపడగానే యాప్-వీ అని రాసేస్తారు. ఆఫీస్ క్లిక్-టు-రన్ కూడా అదే సాంకేతికత మీద కట్టింది కాబట్టి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆఫీస్ ఫోల్డర్ లోపల కూడా ఆ పేరు కనపడుతుంది. అది మామూలుగా ఇన్‌స్టాల్ అయిన ఆఫీసే, అన్‌ఇన్‌స్టాల్ జాబితాలో ఉంటుంది. రెండు చోట్లా లెక్కపెడితే ఒక్కో మనిషికి రెండు ఆఫీసులు వస్తాయి.

మీది విజియో కేసు కాబట్టి ఇది కూడా చూడండి. ఆఫీస్ 2013, 2016 కాలంలో ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్‌తో ఆఫీస్, విజియో, ప్రాజెక్ట్ మూడింటినీ కలిపి ఒకే యాప్-వీ ప్యాకేజీగా చేసే వీలుండేది. అలా చేసి ఉంటే, ఆఫీస్ మాత్రమే కావాల్సిన ఉద్యోగి మెషీన్‌లోకి కూడా విజియో చేరినట్టే. షార్ట్‌కట్ దాచేసినా ప్రోగ్రామ్ లోపలే ఉంటుంది. మీ ప్యాకేజీ అలాంటిదేనా అని మొదటి రోజే తేల్చుకోండి, ఎందుకంటే అదే అయితే మీ లెక్క 400 దగ్గర ఆగదు.

వాడకం లెక్క కోసం యాప్-వీకి సొంత రిపోర్టింగ్ సర్వర్ ఉంది. ఏ యూజర్ ఏ ప్యాకేజీని ఎప్పుడు తెరిచాడు, ఎప్పుడు మూశాడు అన్నది క్లయింట్ దానికి పంపుతుంది. కానీ దాన్ని ఎవరో ఒకరు ఆన్ చేసి ఉండాలి. నేను చూసిన చాలా చోట్ల చేయలేదు. అది లేకపోతే విండోస్ సెక్యూరిటీ లాగ్‌లో 4688 అనే ఈవెంట్ చూడండి. ప్రాసెస్ మొదలైన ప్రతిసారీ పడుతుంది, ఆడిట్ పాలసీలో ఆన్ చేస్తే. అందులో ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఉంటుంది. పాత్‌లో ప్రోగ్రామ్‌డేటా, యాప్-వీ, ఆ తర్వాత ప్యాకేజీ ఐడీ కనపడితే అది వర్చువల్ ప్యాకేజీ నుంచి నడిచిందని అర్థం. మీ సెక్యూరిటీ టీం ఇప్పటికే ఈ లాగులు సేకరిస్తూ ఉండవచ్చు. కొత్త ఏజెంట్ కొనే ముందు వాళ్ల దగ్గరకు ఒకసారి వెళ్లండి. ఉద్యోగులు ఏం తెరుస్తున్నారో చూసే సమాచారం ఇది కాబట్టి హెచ్‌ఆర్‌కు, లీగల్‌కు చెప్పి, ఎందుకు తీస్తున్నామో రాతపూర్వకంగా పెట్టుకుని తీసుకోండి.

అప్లికేషన్లను ఇలాగే ప్యాకేజీగా కట్టే ఇంకో ఉత్పత్తి థిన్‌యాప్ మీ దగ్గర ఉందని మీరు రాయలేదు, కానీ ఒకసారి వెతకండి. అది యాప్-వీ కంటే కనిపెట్టడం కష్టం. దానికి క్లయింట్ అవసరం లేదు, అప్లికేషన్ మొత్తం ఒకే ఎక్స్‌ఈ ఫైల్‌గా కూడా ఉండగలదు. షేర్ ఫోల్డర్ నుంచో పెన్ డ్రైవ్ నుంచో డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది. పేరు మార్చినా నడుస్తుంది. అయితే ఒక ఆనవాలు వదులుతుంది. అది తన సెట్టింగులను దాచుకునే శాండ్‌బాక్స్, ప్రత్యేకంగా మార్చకపోతే, యూజర్ ప్రొఫైల్‌లోని యాప్‌డేటా లోపల థిన్‌స్టాల్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. 2008లో వీఎంవేర్ కొనక ముందు ఆ సంస్థ పేరు థిన్‌స్టాల్. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఫోల్డర్‌కు పాత పేరే మిగిలింది, అది మనకు మంచిదైంది. ప్రొఫైల్ సర్వర్‌లో ఆ పేరుతో వెతికితే ఎవరెవరు ఏ ప్యాకేజీలు తెరిచారో చాలావరకు దొరుకుతుంది. వీఎంవేర్‌లోని ఆ వ్యాపార భాగం 2024లో విడిపోయి ఆమ్నిస్సా అయింది కాబట్టి ఒప్పందం కాగితాల్లో పేరు వేరుగా ఉంటే కంగారు పడకండి.

సిట్రిక్స్ దగ్గరకు వద్దాం. మీ ఆడిట్‌లో నష్టం వస్తే ఇక్కడి నుంచే వస్తుందని నా అంచనా. కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

సిట్రిక్స్‌లో అప్లికేషన్ దాగి ఉండదు. సర్వర్ మీద మామూలుగానే ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, మీ టూల్‌కు కనపడుతుంది కూడా. మీ 64లో సర్వర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. పది పన్నెండు ఉన్నాయనుకుందాం. టూల్ ఆ సర్వర్లకు పది పన్నెండు విజియోలు లెక్కవేసి ఊరుకుంది. ఆ సర్వర్ల నుంచి వందల మంది విజియో తెరుస్తున్నారు. ఇక్కడ టూల్ చూడలేకపోవడం సమస్య కాదు. చూసిన దాన్ని ఒకటిగా లెక్కపెట్టడమే సమస్య.

ఇప్పుడు ఒప్పందం తెరవండి. వాల్యూమ్ లైసెన్స్ కింద కొన్న విజియో, ప్రాజెక్ట్, ఆఫీస్ డెస్క్‌టాప్ ఎడిషన్లకు లైసెన్స్ పరికరానికి. సర్వర్ మీద ఉన్నదాన్ని దూరం నుంచి తెరిచినా, తెరిచే పరికరానికి లైసెన్స్ ఉండాలి. మనిషికి కాదు, పరికరానికి. ఒక థిన్ క్లయింట్‌ను మూడు షిఫ్టుల్లో ముగ్గురు వాడితే పరికరం ఒకటే. కానీ ఒకే మనిషి ఆఫీసులో థిన్ క్లయింట్ నుంచి, మీటింగ్ రూమ్ కంప్యూటర్ నుంచి, ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ నుంచి తెరిస్తే మూడు పరికరాల లెక్క వస్తుంది. ఆ సొంత ల్యాప్‌టాప్‌కు ఏ హక్కు వర్తిస్తుందో మీ ఒప్పందం చదివితేనే తెలుస్తుంది. విజియో ప్లాన్ 2 లాంటి చందా అయితే లెక్క మనిషికి మారుతుంది, దూరం నుంచి వాడేటప్పుడు షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్‌తో నడుస్తుంది. మీ 400 మందిలో ఎంతమందికి ఇప్పటికే ఆ చందా ఉందో ముందు తీసి పక్కన పెట్టండి. లెక్క అక్కడే చాలా తగ్గవచ్చు.

అందరూ చెప్పే సమాధానం ఒకటుంది, మేము యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్ అకౌంట్లు ఉండే చోటు) గ్రూప్‌తో కట్టడి చేశాం కదా అని. గ్రూప్ కట్టడి చేసేది మనుషులను. ఆ గ్రూప్‌లో 40 మంది ఉన్నా, వాళ్లు మీ 3,000 పరికరాల్లో దేని ముందైనా కూర్చుని తెరవగలిగితే, అన్ని పరికరాలకూ అందుబాటు ఉన్నట్టే అని ఆడిటర్ వాదించగలడు. ఏ పరికరాల నుంచి తెరవచ్చో కూడా సాంకేతికంగా కట్టడి చేసి, అది ఎప్పటి నుంచి అమల్లో ఉందో చూపించగలగాలి.

ఆ గ్రూపులను కూడా పైపైన చూడకండి. గ్రూప్ లోపల గ్రూప్, దాని లోపల ఇంకో గ్రూప్ ఉంటాయి. చివరి మనిషి దాకా విప్పి చూడాలి. నేను పనిచేసిన ఒక చోట ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒకటి సిట్రిక్స్ ద్వారా 30 మందికి ఇచ్చామని అందరం నమ్మాం. గ్రూపులు విప్పితే మూడో పొరలో డొమైన్ యూజర్స్ కనపడింది. ఎవరో శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ కోసం చేర్చి తీయడం మరిచిపోయారు. అంటే కంపెనీలో అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ సాఫ్ట్‌వేర్ ఏడాదికి పైగా అందుబాటులో ఉంది. తెరిచింది మాత్రం ఆ 30 మందే. ఒప్పందంలో వాడకం అని కాకుండా అందుబాటు అని రాసి ఉంది. ఆ ఒక్క మాట దగ్గర మాకు వచ్చిన బిల్లు నాకు ఇప్పటికీ గుర్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీతో మాట్లాడి తగ్గించుకోగలిగాం, ఎందుకంటే ఎవరు తెరిచారన్న రికార్డు మా దగ్గర ఉంది. అది లేకపోతే మాట్లాడటానికే ఏమీ ఉండేది కాదు.

ఆ రికార్డు మీకు కూడా ఉంది, కానీ కరిగిపోతూ ఉంటుంది. సిట్రిక్స్ మానిటరింగ్ డేటాబేస్‌లో ఏ సెషన్‌లో ఏ అప్లికేషన్ తెరిచారు, యూజర్ ఎవరు, క్లయింట్ మెషీన్ పేరు, ఐపీ ఏమిటి అన్నీ ఉంటాయి. అయితే ఎడిషన్‌ను బట్టి, సెట్టింగును బట్టి కొన్ని రోజులో కొన్ని నెలలో మాత్రమే నిలుస్తాయి, ఆపైన వాటంతట అవే చెరిగిపోతాయి. కాబట్టి ఇది చదివాక మొదటి పనిగా మీ సిట్రిక్స్ అడ్మిన్‌ను పిలిచి, ఉన్న డేటా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఓడేటా అనే డేటా తీసుకునే మార్గం ద్వారా తీయవచ్చు. ఆ తర్వాత వారానికి ఒకసారి తీసేలా ఏర్పాటు చేయండి. బ్రౌజర్ ద్వారా వచ్చిన సెషన్లలో క్లయింట్ పేరు నిజమైన మెషీన్ పేరు కాకుండా అప్పటికప్పుడు పుట్టిన పేరు పడుతుంది. వాటిని లెక్కపెడితే లేని పరికరాలు వందల్లో వస్తాయి. వాటిని వేరు చేసి యూజర్ పేరుతో, ఐపీతో సరిచూడండి.

వర్చువల్ డెస్క్‌టాప్‌లు కూడా వాడుతుంటే టైమింగ్ సమస్య తోడవుతుంది. యాప్ వాల్యూమ్స్ అనే ఉత్పత్తిలో యూజర్ లాగిన్ కాగానే అప్లికేషన్ ఉన్న డిస్క్ వచ్చి తగులుకుంటుంది. అప్పుడు అది మామూలుగా ఇన్‌స్టాల్ అయినట్టే కనపడుతుంది. లాగాఫ్ కాగానే పోతుంది. మైక్రోసాఫ్ట్ కొత్త ప్యాకేజీ రూపమైన ఎంఎస్‌ఐఎక్స్‌తో చేసే యాప్ అటాచ్ కూడా ఇంచుమించు అంతే. మీ స్కాన్ రాత్రి రెండింటికి నడిస్తే అప్పుడు ఎవరూ లాగిన్ అయి ఉండరు, అంతా ఖాళీ. పగలు నడిపితే ఇంకో తలనొప్పి. రోజూ కొత్తగా పుట్టే డెస్క్‌టాప్‌లు కాబట్టి ఒకే మనిషి నెలలో ఇరవై మెషీన్ల పేర్లతో ఇరవైసార్లు పడతాడు. లాగిన్ అయిన కొంతసేపటికి, అందరికీ ఒకేసారి కాకుండా అటూ ఇటూగా స్కాన్ నడిచేలా పెట్టండి. వచ్చిన ఫలితాన్ని మెషీన్ పేరు మీద కాకుండా యూజర్, అప్లికేషన్ జతగా కలపండి.

పాత జావా అప్లికేషన్లు ప్యాకేజీలుగా ఉన్నాయని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు విజియో కంటే అది ఎక్కువ భయం పుట్టించింది. ఒక్కో పాత అప్లికేషన్‌కు ఒక్కో జావా వెర్షన్ కావాలి, రెండు వెర్షన్లు ఒకే మెషీన్‌లో ఉంటే తరచూ గొడవ వస్తుంది. అందుకే ప్యాకేజింగ్ టీం జావాను కూడా అదే ప్యాకేజీలో పెట్టేస్తుంది. నేనూ అలాగే పెట్టాను, అప్పట్లో అది సరైన పనే అనిపించింది. 2023 జనవరిలో ఒరాకిల్ జావా ఎస్‌ఈకి ఉద్యోగుల సంఖ్య మీద లెక్కగట్టే చందా తెచ్చింది. ఆ పద్ధతిలో జావా ఎంతమంది వాడుతున్నారన్నది కాదు, కంపెనీలో ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. ఏ వెర్షన్, ఏ అప్‌డేట్, ఎవరి బిల్డ్ అన్నదాన్ని బట్టి డబ్బు కట్టాలా వద్దా అన్నది మారుతుంది. కాబట్టి ప్రతి ప్యాకేజీ విప్పి లోపల జావా డాట్ ఎక్స్‌ఈ ఉందా, ఉంటే ఏ వెర్షన్, ఎవరిది అని రాసుకోండి. ఒరాకిల్‌ది కాకుండా ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్ సోర్స్ రూపం) బిల్డ్‌తో నడిచే అప్లికేషన్లు ఉంటే మార్చే అవకాశం ఉంది.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు సెక్యూరిటీ టీం స్కాన్ చేసి మా డెస్క్‌టాప్‌లు శుభ్రంగా ఉన్నాయని చెప్పింది. నాకు నమ్మకం కుదరక ప్యాకేజీలు ఉంచే షేర్‌కు వెళ్లి, ఒక్కొక్కటి విప్పి వెతికితే మూడు ప్యాకేజీల్లో ఆ లైబ్రరీ దొరికింది. ఆ మూడింటినీ రోజూ వాడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఉందో తెలియకపోతే దాన్ని బాగుచేయలేం. లైసెన్స్ ఆడిట్ పేరుతో మీరు తీసే ఈ జాబితాను సెక్యూరిటీ వాళ్లకు కూడా ఇవ్వండి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, 3,000 మెషీన్ల దగ్గర కాదు, ప్యాకేజీలు పుట్టే చోట. ప్యాకేజీల షేర్, యాప్-వీ పబ్లిషింగ్ సర్వర్, సిట్రిక్స్ కన్సోల్, ఈ మూడు చోట్లలో ఉన్నవి మహా అయితే కొన్ని వందలు ఉంటాయి. ఒక వారంలో ఇద్దరు కూర్చుంటే అన్నీ చూడవచ్చు. ఒక్కో దానికి అసలు ప్రొడక్ట్ పేరు, ఎడిషన్, వెర్షన్, లోపల కలిసి వచ్చిన జావా వంటివి, ప్యాకేజీ ఐడీ, ఏ గ్రూప్‌కు ఇచ్చారు, లైసెన్స్ ఏ లెక్కన అని రాసుకుంటూ పోండి. ఎడిషన్ తప్పకుండా రాయండి, స్టాండర్డ్‌కూ ప్రొఫెషనల్‌కూ ధరలో తేడా పెద్దది, పైకి రెండూ విజియోనే. యాప్-వీలో ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేసినప్పుడు వెర్షన్ ఐడీ మారుతుంది కానీ ప్యాకేజీ ఐడీ మారదు. కాబట్టి మీ రిజిస్టర్‌కు ప్యాకేజీ ఐడీని ఆధారం చేసుకోండి, పేరును కాదు. పేర్ల చివర ఫైనల్, ఫైనల్2, న్యూ అని తగిలించే అలవాటు ప్రతి ప్యాకేజింగ్ టీంలోనూ ఉంటుంది.

ఆ రిజిస్టర్ చేతికొచ్చాక మెషీన్ల నుంచి వచ్చిన ప్యాకేజీ ఐడీలను దానితో పోల్చండి. మెషీన్‌లో ఉండి రిజిస్టర్‌లో లేని ఐడీ కనపడితే, ఎవరో పక్కదారిన పంచారని అర్థం. అవి కొన్నే ఉంటాయి, కానీ ఆడిట్‌లో గొడవ అయ్యేవి సాధారణంగా అవే. ఆపైన విజియో ఒక్కదానికే మూడు లెక్కలు పక్కపక్కన పెట్టండి. మిగతా ప్రొడక్టులు తర్వాత చూసుకోవచ్చు. ఒక్కదానితో పద్ధతి కుదిరితే రెండోదానికి సగం సమయం కూడా పట్టదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆడిట్ నోటీసు వచ్చాక కంగారుపడి ప్యాకేజీలు తీసేయడం, లాగులు చెరపడం చేయకండి. మీ పైవాళ్లు అడిగినా చేయకండి. అనవసరంగా ఉన్న అందుబాటును ఇప్పుడు కట్టడి చేయడం తప్పు కాదు, కానీ ముందు ఎలా ఉందో, ఏ తేదీన ఎవరి అనుమతితో మార్చారో రికార్డు ఉంచి, లీగల్ టీంకు చెప్పి చేయండి. ఇంతవరకు నేను చూసిన ఆడిట్లలో, తక్కువ పడిన లైసెన్సుల కంటే, దాచారన్న అనుమానం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

కొత్త టూల్ కొనాలా అని చివర్లో అడిగారు. ఈ రెండు నెలల్లో వద్దు. కొత్త టూల్ పెట్టి, ఏజెంట్లు పంచి, పేర్లు సరిదిద్దేసరికి ఆడిట్ అయిపోతుంది. పైగా యాప్-వీ సర్వర్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్‌కు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 ఏప్రిల్. కాబట్టి మీ ప్యాకేజీల్లో చాలావాటిని ఎలాగూ ఎంఎస్‌ఐఎక్స్‌కో మరోదానికో మార్చాల్సి ఉంటుంది. ఆ మార్పు జరిగేటప్పుడు ప్రతి ప్యాకేజీ మళ్లీ ప్యాకేజింగ్ టీం బల్ల మీదకు వస్తుంది. రిజిస్టర్‌లో పేరు పడని ప్యాకేజీని పబ్లిష్ చేయకూడదన్న నియమం అప్పుడు పెట్టించండి. పాత ప్యాకేజీని అన్‌పబ్లిష్ చేసిన తేదీ కూడా అదే రిజిస్టర్‌లో రాయించండి, ఎందుకంటే అన్‌పబ్లిష్ చేసినా మెషీన్ల క్యాష్‌లో ఫైళ్లు మిగిలిపోవచ్చు. ఆ తేదీ రాసి లేకపోతే వచ్చే ఏడాది స్కాన్‌లో అవి కనపడినప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది.